వెనక రాడ్డు పద్యం, సటీకం

వెనక బుష్షు నలుగ వేగమే ముప్పురా
తోవ తప్పి బండి తోక యూపు
రాడ్డు కొత్తదైన లాభమేమున్నది
కొలత సరిగ లేక కొంప మునుగు

అవతారిక: కంచన్‌బాగులో, డీఎంఆర్‌ఎల్ క్రాస్‌రోడ్సు పక్క సందులో, ఆక్టేవియా ఆర్‌ఎస్‌ను లిఫ్టెక్కించిన శిష్యుడికి ఒక మిస్త్రీ ఉపదేశించినట్టు ఊహించుకోవలసిన ఆటవెలది ఇది.

అధికారి: వెనక మల్టీలింక్ సస్పెన్షన్ గలవాడు. స్విఫ్టుకూ పోలోకూ వెనక ఒకే దూలం గనుక, చక్రం దిక్కును పట్టి ఉంచే ఈ టై రాడ్డే ఉండదు. వారు పద్యం చదివి ఆనందించవచ్చు, బిల్లు కట్టనక్కర్లేదు.

టీక: బుష్షు = టై రాడ్డు కొసన ఉండే రబ్బరు కీలు; నలుగ = అరిగి మెత్తబడగా; తోవ తప్పి = చక్రం చూసే దిక్కు మారి; తోక యూపు = వెనక భాగం పక్కకు జారును; కొలత = అలైన్‌మెంటు; కొంప = లక్షణచేత టైర్ల జత.

తాత్పర్యం: వెనక చక్రాల ముందంచులు రవ్వంత లోపలికి తిరిగి ఉంటే బండి నిలకడగా పోతుంది. జోరు మలుపులో బయటి చక్రం మీద బరువు పడి, నలిగిన రబ్బరు లొంగి, ఆ చక్రం బయటికి చూసిందా, తోక ముక్కును దాటిపోజూస్తుంది. అందుకే గట్టి బుష్షు గానీ, ఉక్కు గుండు తిరిగే రోజ్ జాయింటు గానీ ఉన్న రాడ్డు వేయిస్తారు.

పూర్వపక్షం: "అన్నా, పక్కనే మిధాని ఉంది గదా, టైటానియం రాడ్డు దొరకదా?" శంక న్యాయమైనదే. 1973లో పుట్టిన ఆ సంస్థ టైటానియం చేస్తుంది, ఇస్రో రాకెట్ మోటార్ల తొడుగులకు మరేజింగ్ ఉక్కూ ఇచ్చింది. సమాధానం: ఈ రాడ్డు పడేది లాగుడూ నెట్టుడూ, దానికి మంచి ఉక్కు చాలు. మిగిలిన డబ్బు నాలుగు చక్రాల అలైన్‌మెంటుకు పెట్టాలి. అందులోనూ మొదట వెనక జత సరిచేయించాలి, బండి నడిచే రేఖ దానిదే. చాలా షాపులు ముందు చక్రాలు చూసి పంపేస్తాయి.

విశేషం: సర్దుకునే రాడ్డుకు ఒక కొస కుడి థ్రెడ్డు, మరో కొస ఎడమ థ్రెడ్డు. నడిమి ఆరుపలకల భాగం తిప్పితే రెండు కొసలూ ఒక్కసారే లోపలికో బయటికో పోతాయి. లాక్ నట్టు బిగించేవేళ ఇంకో పానాతో రాడ్డును పట్టుకోకపోతే చూసిన కొలతంతా గంగపాలే.

రబ్బరు బుష్షు బోల్టును లిఫ్టు మీద, చక్రం వేలాడుతుండగానే బిగించవచ్చునని కొందరి మతం. అది చెల్లదు. బండి తన బరువు మీద నిలిచాక బిగించకపోతే రబ్బరు అస్తమానం మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది. రోజ్ జాయింటుకు ఆ బాధ లేదు. దానికి దుమ్ము గండం. తొడుగు లేకపోతే లూజై, చాంద్రాయణగుట్ట దాకా గుంత గుంతకూ టక్కుమంటుంది. కవి ఈ మాట ఎత్తలేదు. నాలుగు పాదాల్లో చోటు చాలలేదు కాబోలు.