మడి పద్యము: టీకా తాత్పర్య సహితము

మడికి రుసుము కట్టి మరచిపోయినవాడ!
కలుపు పెరిగె ననుచుఁ గబురు వచ్చు;
పీకవేని మడిని పెరవాని కిత్తురు;
కొన్న కూర తినుము గొణుగుకొనుచు.

అవతారిక: అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మాడిసన్ ఆవరణమున, మెండోటా సరస్సు చేరువ, ఈగిల్ హైట్స్ అను విద్యార్థి కుటుంబ నివాసముల దాపున 1962 నుండి సామూహికోద్యానము కలదు. మడులు 500 పైమాటే. వానిలో ఒక దానిని గూర్చి అజ్ఞాతకవి చెప్పినది ఈ ఆటవెలది.

టీక: మడికి = ఆచారపు మడికి కాదు, మట్టి మడికి (చెప్పులతో దిగవచ్చును); రుసుము కట్టి = వసంతోత్సాహమున డబ్బు చెల్లించి; మరచిపోయినవాడ = ఓ పిహెచ్‌డీ విద్యార్థీ; కలుపు = నాటకున్నను నాటినదానికంటె ఏపుగా వచ్చునది; కబురు = ఈమెయిలు; పెరవానికి = తన వంతుకై కాచుకొన్నవానికి; కొన్న కూర = ఇండియన్ స్టోరులోని వడలిన గోంగూర; గొణుగుకొనుచు = ధర చూచి.

తాత్పర్యము: స్పష్టము.

విశేషములు: ఇందు కవి ఆ విద్యార్థి అమ్మను చెప్పకుండుట లోపము. రుసుము కొడుకుదే గాని సేద్యము ఆమెదే. నేతచీరపై కొడుకు స్వెట్టరు తొడిగి, కొడవలి దొరకక కూరలు తరుగు కత్తితో కలుపు కోయుచు గట్టున గొంతుకూర్చుండు ఆ మూర్తియే ఈ పద్యమునకు అసలు నాయిక. సందర్శక వీసాపై వచ్చిన ఆమెను సాధారణముగా ఆరు నెలలు ఉండనిత్తురు. మాడిసన్‌లో మంచుదెబ్బ లేని కాలము, మే నడుమ నుండి అక్టోబరు మొదలు దాక, అందులో ఇమిడిపోవును. ఇది దైవఘటన.

గోంగూర అచటి వేసవి దీర్ఘపు పగళ్లలో ఆకుమీద ఆకు తొడుగును. పగలు కురుచైన గాని పూయదు. పూచి కాయ ముదురులోపే మంచు తగిలి నల్లబడి వాలును. కావున విత్తనము ఏటేటా కొత్తగా సంపాదింపవలెను. అది ఆవకాయ సీసాల నడుమ వచ్చునని ఒక వ్యాఖ్యాత. అది కస్టమ్స్ శాస్త్రవిరుద్ధము; విత్తనములకు మొక్కల ఆరోగ్యపత్రము ఉండవలెను.

పక్క మడి చైనా అవ్వకును అమ్మకును ఉమ్మడి భాష లేదు. అయినను బీరకాయ ఇటు, చిక్కుడు అటు మారును. బేరము వ్రేళ్లపై నడచును. అమ్మ విమానమెక్కిన మరునాటినుండి నాయకుడు మడివైపు పోడు.

పాఠాంతరము: మూడవ పాదమున "పొరుగవ్వ కిత్తురు" అని కొన్ని ప్రతులలో కలదు. యతి చెడినది. జరిగినది మాత్రము అదియే.