పృష్ఠవీక్షణ విజయము

శ్రీకారం లేనిదే కావ్యం సాగదు గనుక ముందుగా ఏడుగురు అక్కచెల్లెళ్లకు మొక్కు. వారి గుడి పికప్ ట్రక్కు వెనక బంపరు కింద, స్ప్రింగు మూత చాటున ఉంటుంది. గుండ్రటి నల్ల ప్లగ్గు, అందులో ఏడు పిన్నులు. ఎడమ సిగ్నలు, కుడి సిగ్నలు, టెయిల్ లైట్లు, ఎలక్ట్రిక్ బ్రేకులు, బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులు, ఎర్తు, నట్టనడుమ రివర్సు లైటు. ఏడుగురూ చల్లగా చూస్తే వెనక కట్టిన ట్రైలరుకు ప్రాణం వస్తుంది. అందరిలోకీ కోపిష్టిది ఎర్తమ్మ. ఆమెకు కాస్త తుప్పు పట్టిందా, ఎడమ సిగ్నలు వేస్తే కుడి దీపం కూడా మినుకుమినుకుమంటుంది.

తరువాత కుకవి నింద. పూర్వకవులకు సాటి కవుల మీద కసి ఉండేది. నాకు అట్టపెట్టెల మీద ‘అరగంటలో ఎవరైనా బిగించుకోవచ్చు’ అని అచ్చు వేయించేవారి మీద ఉంది. ఆ అరగంట నిచ్చెన తెచ్చి నిలబెట్టడానికే చాలదు.

ఇక పురవర్ణన. టెక్సస్ దేశమున, డల్లాసుకు ఉత్తరాన ఫ్రిస్కో అను పురము కలదు. అక్కడి కిరాణా కొట్లో తెలుగు మాట చెవిన పడకుండా కొత్తిమీర కట్ట కొనుక్కుని బయటపడడం కష్టం. కార్యసిద్ధి హనుమంతుడి గుడి దగ్గర కొత్త బండ్లు నిమ్మకాయల కోసం ఎదురుచూస్తుంటాయి. కాలనీ సంఘాలవారి శాసనాలు మాత్రం మనుధర్మం కన్నా కఠినం. ఇంటి ముందు ట్రైలరు నిలిపితే మర్నాటికి ఉత్తరం వస్తుంది. అందుచేత మన కథానాయకుడి ఇరవయ్యారడుగుల ట్రైలరు, పడకగదీ వంటిల్లూ స్నానాలగదీ సమేతంగా, ఊరి చివర అద్దె స్థలంలో వనవాసం చేస్తోంది. నాయకుడు ధీరోదాత్తుడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాఫ్ట్‌వేరు, ఆపైన మహారథి.

ఆ మహారథికి వచ్చిన చిక్కు ఇది. రథంలోని అద్దంలోకి చూస్తే ట్రైలరు ముందుగోడ కనిపిస్తుంది. ట్రక్కు తోకకు కంపెనీవారు పెట్టిన కెమెరాలో చూస్తే అదే గోడ ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది. ఇనుప బంతిని ట్రైలరు మూతి కిందికి తెచ్చి తగిలించేదాకా ఆ కెమెరా ప్రాణమిత్రుడు, తగిలించిన మరుక్షణం గుడ్డివాడు. పక్క అద్దాలను ఏనుగు చెవుల్లా ఎంత బయటికి లాగినా అవి ట్రైలరు పక్కలనే చూపిస్తాయి. సరిగ్గా వెనక, ఎనిమిదడుగుల వెడల్పు గోడ నీడలో, ఒక కారు కాపురం పెట్టినా ముందున్నవాడికి తెలియదు. పది తలల రావణుడికి ఈ బాధ ఉండేది కాదు. కాకపోతే ఆయన పుష్పకం నడిపాడు, దానికి ట్రైలరు లేదు.

కనుక ట్రైలరు నెత్తిన వేరే కన్ను వెలవాలి. ఆ కంటికీ ఒక వంశకథ ఉంది. 1956లో జనరల్ మోటార్స్ వారి మోటోరామా ప్రదర్శనకు బ్యూక్ సెంచూరియన్ అనే కలల కారు వచ్చింది. వెనక చూసే అద్దాన్ని తీసేసి, తోకలో టెలివిజన్ కెమెరా, ముందు చిన్న తెర పెట్టుకుని మరీ వచ్చింది. జనం చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోయి అద్దాలున్న కార్లే కొనుక్కున్నారు. 1991లో జపానులో టొయోటా సోరర్ ఆ ముచ్చట మళ్లీ తీర్చింది. అమెరికాలో 2018 మే 1 నుంచి పదివేల పౌన్ల లోపు కొత్త బండి ప్రతిదానికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. ఆ నిబంధనకు మూలమైన చట్టం ఒక పసివాడి పేరున ఉంది. కెమెరన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బిడ్డ 2002లో కన్నతండ్రి వెనక్కి తీస్తున్న బండి కిందే పడి పోయాడు. ఇక్కడ వెటకారం పనికిరాదు. చట్టం ట్రైలర్ల జోలికి రాలేదు గనుక, వాటి వెనక చూపు ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలంటారు. అందులో మంత్రాంగం ఒకటి. ఫ్రిస్కోలో ఆ సభ గరాజులో జరిగింది. మంత్రి స్థానంలో నాయకుడి మామగారు. విజయవాడ ఆటోనగరులో లారీలు బాగుచేయించుకుంటూ, తిప్పుకుంటూ జీవితమంతా గడిపి, కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని విజిటర్ వీసా మీద వచ్చి, రెండో వారానికే తోచక గోళ్లు గిల్లుకుంటున్న పెద్దమనిషి. కెమెరా డబ్బా విప్పగానే ఆయన ముఖం విప్పారింది.

“కరెంటు ఎక్కణ్ణించి లాగుతారు అల్లుడుగారూ?”

పక్షాలు మూడు. రివర్సు లైటు తీగ నుంచి లాగితే వెనక్కి వెళ్లేటప్పుడే కన్ను తెరుచుకుంటుంది, హైవే మీద కుంభకర్ణుడి నిద్ర. ట్రైలరు బ్యాటరీ నుంచి లాగితే రేయింబవళ్లు మేలుకుని, బండి కదలని రోజుల్లో కూడా బ్యాటరీని కొరుక్కు తింటుంది. టెయిల్ లైటు తీగ నుంచి లాగితే దీపాలు వెలిగినప్పుడల్లా చూపు వస్తుంది. అంటే మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకు తిరగాలి.

“పగలు లైట్లు వేసుకుంటే పోయిందేముందండీ? మా డ్రైవరు వైపర్లు కూడా వేసుకు తిరిగేవాడు” అని మామగారు తీర్పు చెప్పారు. మూడో పక్షం నెగ్గింది. చాలా ట్రైలరు కంపెనీలు ఇప్పుడు ఫ్యాక్టరీలోనే వెనక కెమెరాకు చోటు వదిలి, టెయిల్ లైట్ల తీగే అక్కడికి తెచ్చిపెడుతున్నాయి. ఆటోనగరు బుద్ధీ, ఆ కంపెనీల ఇంజనీర్ల బుద్ధీ ఒకచోటే వచ్చి ఆగాయి.

యుద్ధభూమి ట్రైలరు వెనకగోడ శిఖరం. ఎనభై అంగుళాలకు మించిన వెడల్పున్న ట్రైలరుకు వెనక నెత్తిన, వరసగా మూడు ఎర్ర దీపాలు ఉండాలని అక్కడి నియమం. మధ్య దీపం అద్దం ఊడదీస్తే లోపల రెండు తీగలు. నాయకుడు నిచ్చెన మీద, మామగారు నిచ్చెన కాళ్ల దగ్గర, నాయిక ట్రక్కులో కూర్చుని లైట్ల స్విచ్చి వేస్తూ ఆర్పుతూ. మీటరు ఎర్ర సూది ఒక తీగకు, నల్ల సూది రెండోదానికి తగిలించగానే తెర మీద అంకెలు పైకి పరుగెత్తి 12.6 దగ్గర కుదురుకున్నాయి. దిక్కులు ప్రసన్నమయ్యాయి. దేవదుందుభులు మోగాల్సిన చోట పక్క ట్రైలరువాడి కుక్క మొరిగింది.

తరువాత డ్రిల్లు. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ కథలో నిజంగా భయపడవలసిన ఘట్టం ఇదొక్కటే. ట్రైలరు గోడ కోటగోడ కాదు. పలచటి ఫైబరు రేకు, దాని వెనక పలుచని చెక్క, ఫోము. పెన్సిల్ ముల్లంత రంధ్రం చాలు, వానలన్నీ అందులోంచి కాపురానికి వస్తాయి. చెక్క చివుకుతుంది, రేకు బొబ్బలెక్కుతుంది, అది బయటికి కనపడేసరికి గోడ మార్చడం తప్ప మందు ఉండదు. అందుకని స్క్రూ కన్నా ముందు బ్యూటైల్ టేపు. నాయకుడు దాన్ని బ్రాకెట్టు వెనక నాలుగంచులా అంటించి, గోడకు ఆనించి, స్క్రూలు చేత్తోనే తిప్పాడు. మూడో చుట్టుకు బ్రాకెట్టు అంచున బూడిదరంగు జిగురు సన్నని నాలుకలా బయటికి రాసాగింది. అలా రావడమే శుభశకునం, లోపల నీటికి సందు లేదన్నమాట. ఆ నాలుకను ప్లాస్టిక్ పలకతో గీకేసి, పైనా పక్కలా సీలెంటు గీత గీసి, అడుగంచు మాత్రం ఖాళీగా వదిలాడు. ఎప్పుడైనా ఎలాగైనా చొరబడ్డ నీటిబొట్టు దిగిపోవడానికి ఒక దారి ఉండాలి. మామగారు కిందనుంచే తల ఊపారు. తీగల దగ్గర మాత్రం గురుశిష్యులకు భేదం వచ్చింది. పళ్లతో తీగ ఒలిచి మెలిపెట్టి నల్ల టేపు చుట్టాలని ఒకరు, సోల్డరు పెట్టి వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలని మరొకరు. నిచ్చెన మీదున్నవాడి మాటే చెల్లింది.

అప్పుడు తెర వెలిగింది. టెక్సస్ ఆకాశం పాదాల దగ్గర, తారు నేల నెత్తిన! హిరణ్యాక్షుడు భూమిని చాపచుట్టినప్పుడు కూడా ఇంత గందరగోళం జరిగి ఉండదు. మెనూలోకి వెళ్లి చిత్రాన్ని తలకిందులు చేస్తే భూమ్యాకాశాలు తమ చోట్లకు వచ్చాయి. కుడిఎడమలు వేరే సంగతి. కెమెరా ఉన్నదున్నట్టు చూపితే వెనక కుడిపక్కనున్న కారు తెరమీద ఎడమపక్క కనిపిస్తుంది. అద్దంలో చూసినట్టు ఉండాలంటే ఆ చిత్రాన్ని అడ్డంగా తిప్పాలి. ఇంకో చోట ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు ఉన్నాయి. కారుకు అవి లక్ష్మణరేఖలు. ట్రైలరుకు ఉత్త ముగ్గు. బండి ఒకవైపు, ట్రైలరు ఇంకోవైపు వంగి ఉన్నప్పుడు ఆ గీతలు ఎవరి దారి చూపుతాయో వాటికే తెలియదు. నాయకుడు వాటిని చెరిపేశాడు. మంచి పని చేశాడు.

వైర్‌లెస్ కెమెరా గురించి ఒక మాట. దీన్ని సంజయుడితో పోల్చాలని ఎవరికైనా నాలుక దురద పెడుతుంది. పోలిక సరిపోయేది దివ్యదృష్టి దగ్గర కాదు, ఆలస్యం దగ్గర. భారతంలో సంజయుడు ధృతరాష్ట్రుడికి మొదట మోసుకొచ్చిన కబురే భీష్ముడు కూలాడని. అప్పటికి పది రోజుల యుద్ధం అయిపోయింది. ట్రైలరు తోక నుంచి ట్రక్కు ముందుభాగం దాకా ఫ్రిజ్జునూ, పొయ్యినీ, మంచాన్నీ, రెండు గోడల్నీ దాటుకుని తరంగం రావాలి. డబ్బా మీద రాసిన దూరాలు ఖాళీ మైదానంలో కొలిచినవి. అందుకే ఒక్కోసారి బొమ్మ క్షణం పాటు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన బొమ్మను చూసి ‘వెనక ఎవరూ లేరు’ అనుకోవడం చీకటి తెర కన్నా ప్రమాదం. చీకటి తెర కనీసం అబద్ధమాడదు.

ప్రయాణం. డెంటన్‌కు ఉత్తరాన రే రాబర్ట్స్ సరోవరం, ఒడ్డున స్టేట్ పార్కు, చెట్ల మధ్య ట్రైలర్లకు వెనక్కి తీసి నిలిపే స్థలాలు. సరోవర వర్ణన, చంద్రోదయం, పానగోష్ఠి అన్నీ ఆ రాత్రి జరిగాయి. వాటిని పాఠకుల ఊహకు వదిలేసి రణరంగానికి వస్తాను.

స్థలం ఇరుకు. ఎడమపక్క వెనకగా కరెంటు స్తంభం, దాని పక్కన నీళ్ల కుళాయి. కుడిపక్క ఓకు చెట్టు, ట్రైలరు కప్పు ఎత్తున ఒక కొమ్మ చాచి నిలబడింది. ట్రైలరు వెనక్కి తీయడమంటే విపరీత ధర్మం. తోక కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. స్టీరింగు అడుగున చెయ్యి పెట్టి, తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపమని అక్కడి పెద్దలు చెప్పే కిటుకు. ఆ అవస్థ పడలేకే ఫోర్డువారు 2016 మోడలు ఎఫ్-150లో ఇందుకోసం ఒక గుండ్రటి మరే పెట్టారు. మన నాయకుడి రథానికి అది లేదు. తెర మీద కంకర నేల, వెనక కంచె, నడుమ విశాల సామ్రాజ్యం. ఆయన చిరునవ్వుతో వెనక్కి కదిలాడు.

కెమెరాకు కంచె కనిపిస్తోంది. కొమ్మ కనిపించదు, అది కంటికి పైన ఉంది. స్తంభం కనిపించదు, అది ట్రైలరు నడుము పక్కకు వచ్చేసింది. ట్రక్కు ముక్కు రోడ్డుకు అవతలనున్న బల్లమీదికి తిరుగుతోందన్న సంగతి ఏ కెమెరాకూ అక్కర్లేదు. ఫోనులో నాయిక “ఏవండీ, కాస్త లెఫ్టు” అంటే, తెర చూస్తున్న నాయకుడు “ఏ లెఫ్టు?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేలోపు ట్రైలరు ఇంకో గజం వెనక్కి జరిగింది.

అప్పుడు మామగారు లుంగీ ఎగ్గట్టి రంగంలోకి దిగారు. ట్రైలరు గోడను అరచేత్తో చరిచారు. ఆటోనగరు గాలి టెక్సస్ చెట్లలో వీచింది. “రానీ, రానీ, రానీ... రైటు కొట్టండి... ఇంకొంచెం... రానీ...” మర్యాద చివరిదాకా నిలిచింది. కొమ్మకూ కప్పుకూ మధ్య బెత్తెడు మిగిలినప్పుడు మాత్రం వృత్తిధర్మం ముందుకు దూకింది. “హోల్డాన్! హోల్డాన్ రా రేయ్!” చరుపు ట్రైలరు అంతటా ధ్వనించింది. బ్రేకు పడింది. ఒక్క క్షణం ఆగి ఆయన గొంతు సవరించుకుని “...అల్లుడుగారూ” అని కలిపారు.

ఆ తరువాత ట్రక్కు ముందుకు లాగి, సరిచేసి, చరుపుల లెక్కన మళ్లీ వెనక్కి తీస్తే ట్రైలరు స్థలంలో సాఫీగా కూర్చుంది. తెర వెలుగుతూనే ఉంది, నాయకుడు దాని వంక చూడలేదు. రివర్సులో పక్కన నిలబడి చరిచే మనిషికి సాటి వచ్చే కెమెరా ఇంకా పుట్టలేదని నా అభిప్రాయం. ఆ మనిషి చెట్టు కొమ్మను చూస్తాడు, పక్క స్థలంలో సైకిలు తొక్కే పిల్లను చూస్తాడు, డ్రైవరు కంగారును కూడా చూస్తాడు.

అయితే కెమెరా పరువు తిరుగు ప్రయాణంలో నిలబడింది. ఐ-35 రహదారి మీద, లైట్లు వేసుకుని, గంటకు అరవై మైళ్ల దగ్గర, ట్రైలరు గోడ నీడలో ఇన్నాళ్లూ అదృశ్యంగా ఉన్న ప్రపంచం తెరమీదికి వచ్చింది. తోకకు అంటుకుని వస్తున్న చిన్న తెల్లకారు, దాని వెనక అసహనంగా పక్కకు తొంగిచూస్తున్న పెద్ద ట్రక్కు. లేను మారేముందు ఖాళీ ఉందో లేదో ఊహించక్కర్లేదు. అద్దాల్లో అంతుచిక్కని సంగతి ఒక్క చూపులో తేలిపోతోంది. ముందు సీటులోని మామగారు తెరను తనవైపు తిప్పుకున్నారు.

“వెనక తెల్లబండి ఇండికేటరు వేశాడు అల్లుడుగారూ. పోనివ్వండి, తొందరున్నట్టుంది... ఆ, పోయాడు. ఇప్పుడు నల్లది వచ్చింది. ఫోను చూస్తున్నాడు వెధవ. మీరు బ్రేకు గట్టిగా వెయ్యకండి.”

నాయకుడు బ్రేకు గట్టిగా వెయ్యలేదు. ఫ్రిస్కో దాకా ఆ వ్యాఖ్యానం ఆగలేదు. పెట్రోలు బంకు దగ్గర కూడా, ట్రక్కు ఇంజను ఆపితే తెర ఆరిపోతుందేమోనని ఆయన బండి దిగలేదు. టీ ఆయనకు సీటు దగ్గరికే వచ్చింది.