తణుకులో తయారైన స్లైడ్ల ఫైలు కథ

పవర్‌పాయింట్ ఫైలు పైకి ఒకటే అయినా లోపల అదొక మూట. ఈ కథలోని ఫైలు తణుకులోని ఒక డీటీపీ సెంటర్లో, ఏలూరులో జరిగే చేపల రైతుల సదస్సు కోసం తయారైంది. దాని పేరు చివర పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని పెడితే లోపలిదంతా బయటపడుతుంది: స్లైడుకో ఎక్స్‌ఎంఎల్ ఫైలు, మీడియా ఫోల్డర్లో కొల్లేటి చెరువుల ఫొటోలు, ఏ స్లైడుకు ఏది జతో రాసిపెట్టిన చిన్న చిన్న ఫైళ్లు. ఫొటో పేరు ఉండాల్సిన చోట ఎక్కడో ఉన్న సర్వరు చిరునామా కూడా రాయొచ్చు. ఈ తరం ఫైళ్లకు పెద్ద ముప్పు ఆ వెసులుబాటే.

2007కు ముందు తరం పీపీటీ ఫైళ్ల జబ్బు వేరు. వాటిలో రాసి ఉన్న తప్పుడు సూచిక సంఖ్యను పవర్‌పాయింట్ నమ్మేసి, మెమరీలో వెళ్లకూడని చోటికి వెళ్లేది. 2009 ఏప్రిల్‌లో ఇలాంటి లోపంతో దాడులు బయటపడ్డాయి. మే నెలలో మైక్రోసాఫ్ట్ ఒకే అప్‌డేట్‌తో 14 లోపాలను సరిదిద్దింది.

2014 అక్టోబరులో బయటపడిన ‘శాండ్‌వార్మ్’ దాడిలో తప్పు విండోస్‌ది, మోసుకెళ్లింది మాత్రం స్లైడ్‌షో ఫైలు. స్లైడులో పొదిగిన వస్తువు బయటి సర్వరు నుంచి ఒక ఐఎన్ఎఫ్ ఫైలును తెప్పించుకునేది. విండోస్ దాన్ని అడక్కుండానే నడిపించేది. దీనితో ఉక్రెయిన్ వర్గాలను గురిపెట్టారు. అప్‌డేట్ వచ్చిన వారానికే దాన్ని తప్పించుకునే దారి కూడా దొరికింది. 2017లో మరో రకం వచ్చింది: స్లైడు మీది లింకును క్లిక్ చేయకపోయినా, దానిపై మౌస్ ఆనించగానే విండోస్‌లో ఆదేశాలు నడిపే పవర్‌షెల్‌ను కదిలించబోయేది; ఆఫీసు చూపే హెచ్చరికకు సరేనంటే కదిలేది. అందులో మ్యాక్రోలే (ఫైల్లో ఇమిడే చిన్న ప్రోగ్రాములు) లేవు.

ఇలాంటివాటిని అడ్డుకోవడానికి, నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు ఉంటే ఆఫీసు పసుపు పట్టీ చూపించి, ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుస్తుంది. 2022 నుంచి మ్యాక్రోలను ఆపుతున్నదీ ఆ గుర్తును చూసే. తణుకు ఫైలు మెయిల్లో సదస్సు నిర్వాహకులకు చేరినప్పుడు దానికీ ఆ గుర్తు పడింది. అక్కణ్నించి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయింది. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది. అందులో గుర్తు నిలిచే చోటు లేదు. సదస్సు హాలు కంప్యూటర్లో ఫైలు పసుపు పట్టీ లేకుండా నేరుగా తెరుచుకుంది. ఈ ఫైల్లో చేపల ఫొటోలు తప్ప మరేమీ లేవు గనుక సరిపోయింది. అదే పెన్‌డ్రైవ్‌లో వచ్చే మరో ఫైలును ఆ కంప్యూటర్ ఇంతే నమ్మకంగా తెరుస్తుంది. పైగా ఆ కంప్యూటర్లో ఉన్నది 2016 ఆఫీసు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది.