కంపెనీ దొరవారికి గోల్‌బజారు దండాలు

మహారాజరాజశ్రీ బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దొరవారి దివ్యసముఖానికి, ఖరగ్‌పూర్ గోల్‌బజారులో తరతరాలుగా ఉప్పూ పప్పూ కొనుక్కుని బతుకుతున్న తెలుగువాళ్లం శతకోటి దండాలతో చేసుకునే విన్నపం.

తమరు గతించి ఎనభై ఏళ్లు దాటింది. అయినా ఈ ఊళ్లో తమ గుణగానం ఆగలేదు. "ఎన్ని చెప్పండి, తెల్లవాడు రైలు వేశాడండీ" అంటాడొక పెద్దాయన టీ గ్లాసు అందుకుంటూ. పక్కనున్నాయన తలూపుతాడు. ఆ రైలు ఎవరి సొమ్ముతో వేశాడని అడిగే అమర్యాద ఇక్కడ ఎవరికీ లేదు. భద్రాచలంలో గుడి కట్టించిన రామదాసు చెరసాలలో కూర్చుని, సాక్షాత్తూ రామచంద్రుణ్ణే ఖర్చుల లెక్క నిలదీశాడు. మేం అంతకంటే పెద్ద భక్తులం. ఒక్కనాడూ లెక్క అడిగినవాళ్లం కాదు.

అడగకపోయినా, తమ సాహసం గురించి నాలుగు మాటలు చెప్పుకోక తప్పదు. 1887లో ఏర్పడ్డారు. చూడని దేశం, అడవులు, మలేరియా. ఇంతటి ప్రమాదంలో డబ్బు పెట్టిన లండన్ వాటాదారుది ఎంత గట్టి గుండె! ఆ గుండె మరీ దడదడలాడకుండా ఒక చిన్న ఏర్పాటు మాత్రం ఉండేది. దాని పేరు గ్యారంటీ. బండి నిండినా నిండకపోయినా, లాభం వచ్చినా రాకపోయినా, వాటాదారుకు ఇంత వడ్డీ అని ముందే రాసిపెట్టి, తక్కువ పడితే ఇండియా ఖజానా నుంచి పూడ్చేవారు. తమకు అన్నగార్లయిన తొలి కంపెనీలకైతే అది నూటికి ఐదు. ఖజానా అంటే మరేమీ కాదు, భూమి శిస్తు, ఉప్పు పన్ను వగైరా. గంజాం జిల్లాలో, విశాఖపట్నం జిల్లాలో గంజిలో ఇంత ఉప్పురాయి వేసుకున్న ప్రతి కూలీవాడూ, తనకు తెలియకుండానే, లండన్‌లో ఎవరో పెద్దమనిషి పెట్టుబడికి పూచీ పడ్డాడన్నమాట. చదువురాని వాణ్ణి అంతటి షావుకారును చేసిన ఘనత తమ జాతిది.

మాసీ అని ఒక మాజీ ఆర్థికమంత్రి ఉండేవాడు. 1872లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెబుతూ, గ్యారంటీ ఉన్న పెట్టుబడిదారుకు తన డబ్బు హుగ్లీ నదిలో పోసినా, ఇటుకలుగా, సున్నంగా మారినా ఒకటేనని తేల్చాడు. తమ అన్నగార్ల గురించి అన్న మాట అది. ఇంటివాడే అలా అంటే ఎలా? తమరైతే ఇటుకలే పేర్చారు కదా, హుగ్లీలో పోయలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని మాకొక సామెత ఉంది. అది తమరు రాకముందు నుంచీ ఉన్నదే గనక, తమ మీద కట్టిందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చిన ఉపకారం వేరే చెప్పాలి. 1896–97లో కరవు వచ్చింది. రైలు పట్టాలుంటే కరవు ప్రాంతానికి ధాన్యం పరుగెత్తుకొస్తుందని అంతకుముందే సర్కారువారి కమిషన్లు శాస్త్రం చెప్పాయి. నిజమే, వచ్చింది, కొనగలిగినవాడి దగ్గరికి. కొనలేనివాడి ఊళ్లో పండిన గింజ కూడా అదే పట్టాల మీద ధర ఎక్కువున్న చోటికి వెళ్లింది. ధాన్యం వెళ్లిన దారినే మా తాతలూ వెళ్లారు. తూర్పు కోస్తా లైనులో ఉత్తర భాగం 1902లో తమ చేతికి వచ్చేసరికి, శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకీ ఖరగ్‌పూర్‌కీ మధ్య అడ్డు లేకుండా పోయింది. గ్యాంగు పనికి ఒకడు వస్తే, వాడి వెనక తమ్ముడు, తమ్ముడి వెనక బావమరిది. ఊళ్లకు ఊళ్లు ఖలాసీలయ్యాయి.

వర్క్‌షాపులో తమరు నేర్పిన విద్య గురించి తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఖలాసీగా చేరినవాడు ఫిట్టరై, బాయిలర్ విప్పి, గొట్టాలు మార్చి, మళ్లీ బిగించి పొగ తెప్పించేవాడు. ఇంజను నరం నరం తెలిసినవాడు. అయితే కొత్త ఇంజను మాత్రం సముద్రాలు దాటి రావాలి. 1925 నుంచి తమరు నడిపిన ఆ భారీ గారట్ ఇంజన్లు మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ వారి కార్ఖానాలో తయారైనవి. మూడు భాగాల పెద్ద పాము, ముందూ వెనకా చక్రాల గుంపులు, నడుమ బాయిలర్. దాన్ని ముక్కలుగా విప్పి బాగుచెయ్యగలిగిన మావాడు, ముక్కలు పోసి తయారుచెయ్యలేడని తమరికి ఎలా తెలిసిందో! ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, తమరు వెళ్లిపోయాక 1950లో, ఇదే బెంగాల్‌లో చిత్తరంజన్ నుంచి ఇంజన్లు బయటికి వచ్చేదాకా చెక్కుచెదరలేదు. మాంచెస్టర్ పిల్లల నోటి దగ్గర కూడు తియ్యకూడదన్న జాలి అయివుంటుంది.

ఇక ఊరి కట్టుబడి. మనువు రాసిపెట్టి వదిలేస్తే, తమరు కట్టి చూపించారు. అధికారి దొరకు తోటలోపల బంగళా, వెనక నౌకర్లకు అవుట్‌హౌసులు. ఆంగ్లో ఇండియన్ డ్రైవరుకు, గార్డుకు దానికి ఒక మెట్టు కింద ఇల్లు. గుమాస్తా బాబుకు ఇంకో మెట్టు. తమ కాగితాల్లో మీనియల్ స్టాఫ్ అని రాసుకున్న మావాళ్లకు గది, దాని ముందు ఇంత వసారా. ఇంటి కొలత చూస్తే చాలు, లోపలున్నవాడి ఒంటిరంగూ జీతమూ తెలిసిపోయేవి. తలుపు కొట్టి అడిగే శ్రమ లేదు. ఆటపాటలకూ అంతే, యూరోపియన్లకొక ఇన్‌స్టిట్యూట్, ఇండియన్లకొక ఇన్‌స్టిట్యూట్. ఎవరూ ఎవరి దగ్గరా చెమట వాసన భరించనక్కర్లేదు.

గోల్‌బజారు ఒక్కటే తమ ప్లానుకు లొంగలేదనిపిస్తుంది. గుండ్రటి బజారు, దుకాణాల వరసల మధ్య ఇరుకు సందులు. దొరగారి బట్లరూ, బాయిలర్ షాపు ఖలాసీ పెళ్లామూ ఒకే చేపల గంప దగ్గర నిలబడాల్సిన చోటు. ఈనాటికీ వెళ్లి చూడండి. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన కుటుంబంలో కోడలు, చేపలవాడితో బేరం బెంగాలీలో మొదలుపెడుతుంది. హిందీలో సాగదీస్తుంది. ధర దిగకపోతే తెలుగులో వాడి వంశాన్ని తలుచుకుంటుంది. "అమ్మా, నాక్కూడా తెలుగొచ్చమ్మా" అంటాడు వాడు, చేప పొలుసు గీకుతూ. తర్వాత ఇద్దరూ నవ్వుకుంటారు, ధర మాత్రం ఐదు రూపాయలు తగ్గుతుంది. ఇంత కలగాపులగం తమ నీలిరంగు నక్షాలో ఎక్కడా గీసి ఉండదు.

శాంతిభద్రతల విషయంలో తమ శ్రద్ధ మరీ గొప్పది. టిక్కెట్లు అమ్ముకునే కంపెనీకి సొంత తుపాకుల పటాలం ఉండడం ఎక్కడైనా విన్నామా? తమకు ఉండేది. ఆక్సిలరీ ఫోర్సు అనే సహాయక సైన్యంలో రైల్వే ఉద్యోగులతోనే నిండిన బెటాలియన్. పగలు ఫోర్‌మన్, కవాతులో సార్జంటు. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె కట్టినప్పుడు ఆ శిక్షణ వృథా కాలేదు. పోలీసులూ, ఆక్సిలరీ ఫోర్సూ కలిసి స్టేషన్ దగ్గర సమ్మెదారులకు తుపాకులతో నచ్చజెప్పారు. జీతం గురించి మాట్లాడదామని వచ్చినవాడికి అంత సూటిగా, అంత వేగంగా జవాబిచ్చిన యాజమాన్యం అరుదు.

అదే ఏడు సెప్టెంబరులో, మనుషులు ఎక్కువయ్యారని తమరికి తట్టింది. ఉద్యోగాల కోత, దానిమీద గొడవ, వర్క్‌షాపు గేటుకు తాళం. నెలల తరబడి కూలి లేదు. అప్పుడు మావాళ్ల తరఫున నిలబడ్డ కార్మిక సంఘంలో ముందున్న మనిషి బరంపురంలో పుట్టిన తెలుగు బారిస్టరు, వరాహగిరి వెంకటగిరి. ఆయన ఐర్లండులో చదువుతూ అక్కడి తిరుగుబాటుదారులతో స్నేహం చేసి వచ్చినవాడు. ఆయనకు దేశమంతటా పేరు తెచ్చిన పోరాటాల్లో తమ రైల్వేదే పెద్ద చెయ్యి. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. అందులో తమ గేటు తాళానికీ కొంత వాటా రాసుకోవచ్చు, గ్యారంటీ వడ్డీతో సహా.

విద్యాదానం మాట మర్చిపోయామేమో అనుకుంటారు. మరవలేదు. గోల్‌బజారుకు కాస్త దూరంలో హిజ్లీ. అక్కడున్న పెద్ద భవనాన్ని 1930లో తమ సర్కారు నిర్బంధ శిబిరంగా మార్చింది. విచారణ లేకుండా పట్టుకొచ్చిన కుర్రాళ్లను అందులో ఉంచారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలాదారులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. శవాలు తీసుకోవడానికి సుభాష్ చంద్రబోస్ వచ్చాడు. కలకత్తా సభలో, ఒంట్లో బాగులేకపోయినా, రవీంద్రుడు లేచి మాట్లాడాడు. 1951లో అదే భవనంలో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. చూశారా తమవారి దూరదృష్టి! తరగతి గదులకు కావలసిన గాలీ వెలుతురూ, ఎత్తయిన కప్పులూ ఇరవయ్యేళ్లు ముందే సిద్ధం చేసిపెట్టారు. అందులో ముందుగా ఎవరిని కూర్చోబెట్టారన్నది చిన్న విషయం.

ఇన్ని చేసి కూడా తమరు నిరాడంబరంగానే సెలవు తీసుకున్నారు. 1944 అక్టోబరు 1న సర్కారు తమను కొనుక్కుంది. అన్నేళ్లూ వడ్డీకి పూచీ పడ్డ దేశమే, చివరికి కంపెనీని కొనడానికీ డబ్బు పెట్టింది. అంతకంటే మర్యాదైన వీడ్కోలు ఏ అతిథికి జరిగింది?

మాకూ గౌరవాలు అందాయి లెండి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇస్తూ నిర్ణయించింది. తమ తాలూకు ఒక్క ఆచారం మాత్రం తమ తర్వాత వచ్చినవాళ్లెవరూ చెరపలేదు. గోల్‌బజారు నేల అప్పుడూ రైల్వేదే, ఇప్పుడూ రైల్వేదే. తరతరాలుగా అక్కడే కొట్టు నడుపుకుంటున్న కుటుంబం కూడా ఆ నేల మీద ఇవాళ్టికీ లైసెన్సు మీద ఉన్న మనిషే, హక్కున్న మనిషి కాదు.