క్షణం తీరిక లేదు, కోట్ల ఆదాయం

మా మేనల్లుడి టైమ్‌టేబుల్ జిరాక్స్ కాపీ ఒకటి నా దగ్గరుంది. ఈ మధ్యకాలంలో నేను ఇన్నిసార్లు పారాయణ చేసిన గ్రంథం ఇంకోటి లేదు.

వాడు 8వ తరగతి. విజయవాడ శివార్లలో ఒక ఐదంతస్తుల హాస్టల్లో ఉంటాడు. సంస్థ పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, పోరంకి నుంచి బాచుపల్లి దాకా అన్నీ ఒక్క తానులో ముక్కలే. చదివేది ఎనిమిదే అయినా కోర్సు పేరు ఐఐటీ ఫౌండేషన్. పునాది ఎంత లోతుగా తవ్వితే ఇల్లు అంత గట్టిగా నిలుస్తుందంటారు కదా, వీళ్ళు ఆరో తరగతి నుంచే తవ్వుతున్నారు. తవ్వింది పిల్లాడినేనన్న సంగతి ఇల్లు లేచేదాకా ఎవరూ చూడరు.

ఇక గ్రంథంలోకి వద్దాం. పొద్దున 4.30కి గంట. 4.30 నుంచి 5.15 దాకా 'ఫ్రెషప్'. వాడుండే అంతస్తులో పిల్లలు 180 మంది, స్నానాల గదులు 12. మా చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో 'కాలము-పని' అని ఒక పాఠం ఉండేది. పదిమంది కూలీలు గోడ కట్టడం తప్ప దానికి వేరే ప్రయోజనం ఉంటుందని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు వేసి చూశాను. గదికి 15 మంది. ఉన్నది 45 నిమిషాలు. తలకి 3 నిమిషాలు. పళ్ళు, కడుపు, ఒళ్ళు, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

జేఈఈ మెయిన్‌లో 3 గంటలకి 75 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 144 సెకన్లు. ఆ లెక్కన మావాడు ఒక జేఈఈ ప్రశ్న కంటే 36 సెకన్లు ఎక్కువ స్నానాల గదిలో గడుపుతున్నాడు. ఈ దుబారా ఇంకా యాజమాన్యం కంట పడినట్టు లేదు. నీట్ పిల్లల సంగతి ఇంకా గట్టిది. 180 నిమిషాలకి 180 ప్రశ్నలు. రేపు డాక్టరు కావలసిన పిల్ల ఒక్క నిమిషంలో తలంటు పోసుకుని బయటపడాలి.

5.15 నుంచి 7.15 స్టడీ అవర్. 8 నుంచి 1 గంట దాకా క్లాసులు. 1.40 నుంచి 4.40 మళ్ళీ క్లాసులు. 5 నుంచి 7 స్టడీ. 8 నుంచి 10 స్టడీ. మధ్యలో మిగిలిన సందుల్లో తిండి. ఆదివారం సెలవు, సెలవు కాబట్టి 3 గంటల టెస్టు ఒకటే ఉంటుంది. 4.40కీ 5కీ నడుమ మాత్రం ఒక అద్భుతమైన పదం అచ్చయి ఉంది: రిక్రియేషన్. దాని పక్కనే చిన్న అక్షరాల్లో 'ఈ సమయంలో ఎర్రర్ లిస్టు పూర్తి చేసుకొనవచ్చును' అని. ఎర్రర్ లిస్టంటే తెలియని అదృష్టవంతులకి చెబుతున్నాను: నిన్నటి టెస్టులో తప్పిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో తిరగరాయడం. మేం ఆ వేళకి గోలీలు ఆడేవాళ్ళం. అవీ తప్పేవి. రాసుకోలేదు.

మొత్తం కూడితే రోజుకి 14 గంటలు, వారానికి 84, ఆదివారం టెస్టుతో 87. మన విద్యాహక్కు చట్టం, అదే 2009లో వచ్చింది, ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి ఏడాదికి 1000 గంటల బోధన కనీసం ఉండాలంది. ఆ చట్టం రాసినవాళ్ళు పాపం కాలం విలువ తెలియని మనుషులు. స్టడీ అవర్లు కూడా కలుపుకుంటే మావాడి హాస్టలు ఆ 1000 గంటలనీ 12 వారాల్లో తేల్చేస్తుంది. జూన్ మధ్యలో బడి తెరిస్తే, ఇంచుమించు వినాయక చవితికల్లా ఏడాది చదువు నిమజ్జనం. ఆ తర్వాత సంక్రాంతి దాటి ఏప్రిల్ దాకా చేస్తున్నదంతా వడ్డీ వసూలే.

కేంద్రం 2020లో స్కూలు బ్యాగుల విధానమని ఇంకోటి తెచ్చింది. సంచీ బరువు పిల్లాడి బరువులో పదో వంతు మించకూడదు, ఆరు నుంచి ఎనిమిది దాకా హోంవర్కు రోజుకి గంట మించకూడదు అని. హాస్టలువాళ్ళు దీన్ని అక్షరాలా పాటిస్తున్నారు. హోముకే పంపనప్పుడు హోంవర్కు ఎక్కడిది? క్లాసురూము కింద, పడక పైన. సంచీ మోసే దూరమెంత?

ఆమధ్య రెండో ఆదివారం చెల్లెలితో పాటు వాణ్ణి చూడ్డానికి వెళ్ళాను. ఔటింగుకి 2 గంటలు. ముందు ఏఓ, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గారి దర్శనం. ఆయన వెనక గోడ మీద ర్యాంకర్ల ఫొటోలు. అందరూ ఒకే టై, ఒకే నవ్వు.

"మా దగ్గర టైమ్ లీకేజీ ఉండదు సార్," అన్నాడు.

"మరి ఆటలకి గ్రౌండు?" అన్నాను.

"ఎందుకు లేదు సార్!" అని తీసుకెళ్ళి గ్రౌండ్ ఫ్లోర్ చూపించాడు. అక్కడ ఫీజు కౌంటరుంది. నిజమే, ఆట అక్కడే బాగా సాగుతోంది. నాలుగు కౌంటర్లు, నాలుగు వరసలు, గెలిచేది ఎప్పుడూ ఒకే జట్టు.

ఉండబట్టలేక, 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలిచ్చింది కదండీ, 16 ఏళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదనీ, రోజుకి 5 గంటలు మించి చెప్పకూడదనీ, మరి వీడికి 13 కదా అన్నాను. ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. "అది కోచింగ్ సెంటర్లకండీ. మాది స్కూలు."

స్కూలు అన్న మాటకి గ్రీకులో మొదటి అర్థం తీరిక అని ఎక్కడో చదివిన గుర్తు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ గ్రీకులు తీరిగ్గా కూర్చుని ఏం సాధించారు? జామెట్రీ. అది ఇప్పుడు మావాడి ఎర్రర్ లిస్టులో ఉంది.

పిల్లాడొచ్చాడు. మెట్ల కింద నీడలో కూర్చుని మా చెల్లెలు పులిహోర, సున్నుండలు విప్పింది. చుట్టూ అలాంటి క్యారియర్లు ఓ వంద. ప్రతి తల్లీ ముద్ద పెడుతోంది, ప్రతి తండ్రీ మార్కులడుగుతున్నాడు. "వీకెండ్ టెస్టులో ఎంత?" "217." "పోయినసారి?" "231." అక్కడితో తండ్రి ముద్ద దిగదు. కొడుకుది ఎలాగూ దిగడం లేదు. అరగంటకల్లా అడగాల్సినవన్నీ అయిపోయాయి. ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నర ఏం చెయ్యాలో ఆ ఆవరణలో ఒక్కరికీ తెలియలేదు. పిల్లలు వాచీలు చూసుకున్నారు, పెద్దలు ఫోన్లు. తీరికంటే అలవాటు తప్పిన చుట్టంలా తయారైంది. వచ్చి ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదు.

నేను యాజమాన్యాల మీదే పడి ఏడుస్తున్నానని అనుకోకండి. వాళ్ళు వ్యాపారులు, గిరాకీ ఉన్న సరుకు అమ్ముతారు. కొనేది మనం. మన ఇళ్ళలో పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తే, పట్టుమని పది నిమిషాలకే "ఖాళీగా ఉన్నావేం?" అని వంటింట్లోంచి కేక. చేతిలో పుస్తకం ఉండి నిద్రపోతే ఫరవాలేదు, పుస్తకం లేకుండా మేలుకుంటే నేరం. ఆ కేక వెయ్యడానికి మనకి ఓపిక తగ్గి, ఏడాదికింతని కట్టి వేరేవాళ్ళకి అప్పగించాం. పిల్లల కాలాన్ని సద్వినియోగం చేస్తున్నామనే మాటలో కర్త ఎవరో తెలుగు మాస్టార్ని అడిగి తెలుసుకోవచ్చు. కానీ ఆయన పీరియడ్ ఫిజిక్స్‌వాళ్ళు తీసుకున్నారు.

తీరిక ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కడా లేదనడం అబద్ధం. కమిటీల దగ్గర బోలెడుంది. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో అదే కారణానికి చక్రపాణి కమిటీ వేశారు. నడుమ 16 ఏళ్ళు. మొదటి కమిటీనాడు పుట్టిన పిల్లలు రెండో కమిటీ నాటికి ఇంటర్‌కొచ్చారు. మావాడికి స్నానానికి 3 నిమిషాలిచ్చిన లోకమే ఆ ఫైళ్ళకి ఒక తరం గడువిచ్చింది. గంట కొట్టి లేపే వార్డెన్ ఒకడు సచివాలయంలో కూడా ఉంటే బాగుండేది.

దసరాకి ప్రభుత్వం ఇచ్చిన సెలవుల్లోంచి హాస్టలువాళ్ళు మూడు రోజులు మాకు దానం చేశారు. తక్కిన రోజులకి గేటుకి బయట తాళం, లోపల క్లాసులు, యూనిఫాం మాత్రం వేసుకోవద్దని ఆజ్ఞ. మావాడు ఇంటికొచ్చాడు. నేనూ చెల్లెలింటికి వెళ్ళాను.

మర్నాడు ఎవరో నడుస్తున్న చప్పుడైతే మెలకువొచ్చింది. ఇంకా చీకటి. ఎవరూ లేపకుండానే లేచినట్టున్నాడు, భుజం మీద తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె, స్నానాల గది తలుపు ముందు నిలబడి ఉన్నాడు. తలుపు బార్లా తీసే ఉంది. లోపల ఎవరూ లేరు.

"వెళ్ళరా, ఖాళీయేగా," అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. "ఆఁ, వెళ్తున్నా మావయ్యా," అని లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు. గడియారం చూడకూడదనుకున్నాను. చూశాను. బయటికొచ్చేసరికి 2 నిమిషాల 50 సెకన్లు.

మా చెల్లెలు అప్పటికే లేచి కాఫీ కలుపుతోంది. వాణ్ణి చూసి నా వైపు తిరిగింది. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా అన్నయ్యా, ఎంత చురుకొచ్చిందో!"