ఎక్కేది కారే, ఎక్కించేది మనమే

మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. మా ఇంట్లో మాత్రం అది కొత్త కారు కిందే లెక్క. అందుకే వలిసె పూలు చూడ్డానికి అరకు వెళ్దామన్నప్పుడు రైలు మాట ఎవరూ ఎత్తలేదు. "ఇంట్లో కారుండగా రైలెందుకు?" అని మా అత్తగారు తేల్చేశారు.

ఎవరి బరువెంతో అడిగే ధైర్యం లేక లెక్క మనసులోనే వేసుకున్నాను. కారు బరువు సుమారు 650 కిలోలు. 796 సీసీ ఇంజిను, మూడు సిలిండర్లు, కొత్తలో 37 గుర్రాల శక్తి. ఆ గుర్రాల్లో కొన్ని ఎప్పుడో రిటైరయ్యాయి, మిగిలినవి మెడికల్ లీవులో ఉన్నాయి. అయిదుగురం, సామానూ కలిస్తే 400 కిలోలకు తగ్గం. ఈ భారాన్ని విశాఖ నుంచి 900 మీటర్ల ఎత్తుకి లాగాలి.

మెకానిక్ "బండికేం బాబూ, బంగారం!" అంటూనే బానెట్ ఎత్తాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపించాడు. లోపల కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుందిట. దిగుడులో అదేపనిగా బ్రేకు తొక్కితే వేడికి మరిగి, పైపుల్లో ఆవిరి బుడగలు కడతాయిట. అప్పుడు పెడల్ నేలని తాకుతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి మార్చాలన్నాడు. వెంటనే మార్పించాను. రేడియేటర్ గొట్టాలు వేళ్లతో నొక్కి పగుళ్లు చూశాడు, కూలెంట్ నింపాడు, ఫ్యాన్ దానంతటది తిరిగేదాకా ఇంజిన్ ఆపనివ్వలేదు. టైర్లలో గాలి ఫుల్ లోడుకి రాసినంత పెట్టాడు. "పైన క్యారియర్ వద్దు బాబూ, మలుపుల్లో బండి ఒరుగుద్ది" అని చెప్పి పంపాడు.

అతని పని అక్కడితో అయిపోయింది. అత్తగారి పని మొదలైంది.

క్యారియర్ లేదు కాబట్టి సామానంతా డిక్కీలోకే వచ్చింది. బొంతలు, నీళ్ల క్యాను, పులిహోర గిన్నె, ఆవకాయ జాడీ.

"అరకులో ఆవకాయ దొరకదా అత్తయ్యగారూ?"

"దొరుకుతుంది బాబూ, మనది దొరకదు."

స్టెప్నీ ఎక్కడుందో ఇక దేవుడికే ఎరుక.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలైంది. ఏసీ కట్టేసి సెకండ్ గేర్లో ఎక్కుతున్నాం. అనంతగిరి ఇంకా రాకముందే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. హీటర్ వేశాను. అది ఇంజిన్ వేడిని కొంత లాగి మన మీదకి వదులుతుంది.

"ఇదేం ఏసీ బాబూ, సెగలు కక్కుతోంది?"

"హీటరండీ. ఇంజిన్ వేడిని మనం కాస్త పంచుకుంటున్నాం."

"దాని వేడి మనకెందుకూ?"

"మన బరువు అది మోస్తోంది కదండీ."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అయితే బరువు తగ్గిద్దాం" అని గిన్నె తీసి, తలా ఇంత పులిహోర పెట్టారు. గిన్నె ఖాళీ అయింది. బరువు గిన్నెలోంచి మనుషుల్లోకి మారిందే గానీ కారు దిగలేదు. రోడ్డు పక్కన కాస్త వెడల్పున్న చోట ఆపి ఇంజిన్ చల్లారనిచ్చాను. రేడియేటర్ మూత తీస్తానని ముందుకొచ్చిన బావమరిదిని చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది.

పాత కారులో కొండెక్కే వాళ్లకి నా మాట ఒక్కటే. ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో జారకండి. ఇరుకు చోట, ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలి, రూలే ఉంది. ఇక బయల్దేరే ముందు కారుని మెకానిక్‌కి చూపించండి, డిక్కీ ఎంతుందో ఇంట్లోవాళ్లకి చూపించండి. మొదటిది ఒక పూటలో తేలిపోతుంది. రెండోదానికి వారం ముందునుంచే మొదలెట్టండి.