లేని షాపులో వయసెవరడుగుతారు?

వైన్‌షాపు గోడమీద బోర్డు గట్టిగానే ఉంది: 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరు. అది చదివిన టెన్త్ కుర్రాడు బుద్ధిగా బెల్టు షాపుకు పోతాడు. అక్కడ బోర్డు లేదు. ఆ మాటకొస్తే, అసలు ఆ షాపే లేదని ఎక్సైజ్‌వారి ఉవాచ! సిమ్‌కార్డుకు ఆధార్ అడిగే దేశంలో క్వార్టర్‌కు అడిగేది చిల్లర ఒక్కటే.

పిల్లలకు మందు పోస్తే జువెనైల్ జస్టిస్ చట్టం కింద 7 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. దుకాణదారుకు ఆ బెంగ లేదు. ‘‘వాళ్ల నాన్నకేనండీ’’ అంటాడు. నాన్నా కాదనడు. పంపింది ఆయనే మరి! రేపు బడిలో మత్తు వ్యతిరేక ర్యాలీ. జెండా ఊపేదీ ఆయనే. స్కూల్ కమిటీ చైర్మన్ కదా!